మెడ లైనా, చేతి ఫిస్టులానా, పొట్ట డయాలసిసా: ఇన్ఫెక్షన్ లెక్క చూసి ఎంచుకోవడం ఎలా

మా ల్యాబ్‌లో బ్లడ్ కల్చర్ మెషిన్ (రక్తంలో క్రిములు పెరుగుతున్నాయేమో చూసేది) కూత పెట్టిందంటే నేను బాటిల్ మీద ముందు చూసేది వార్డు పేరు. డయాలసిస్ అని ఉంటే ఆ పేషెంట్‌కి మెడలో లైన్, అంటే పెద్ద సిరలోకి పెట్టే గొట్టం, ఉందా అని ఎవర్నీ అడగను, ఉండే ఉంటుంది. ఓ చుక్క తీసి గ్రామ్ స్టెయిన్ వేసి చూస్తే ద్రాక్ష గుత్తుల్లాగా ఊదారంగు చుక్కలు, స్టఫిలోకాకస్ అనే క్రిమి. అది చర్మం మీద ఊరికే ఉండే రకమా, ఆరియస్ అనే మొండి రకమా తేలడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది, ఈలోగా వార్డుకి ఫోన్ చేస్తాను, అటువైపు సిస్టర్ "అయ్యో, మళ్ళీనా" అంటుంది.

విశాఖలో ఏళ్ళ తరబడి ఇదే డ్యూటీ చేస్తున్నవాణ్ణి, మా మేనత్తకి ఊపిరాడక అర్ధరాత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళినప్పుడు నేను సంతకం పెట్టింది కూడా మెడ లైన్‌కే. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా ఆరున్నర దాటింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఆ పూటకి ఇంకో దారి లేదు. దారి లేకుండా చేసుకున్నది మాత్రం మేమే. రెండేళ్ళ ముందే నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) ఫిస్టులా, అంటే చేతిలో ధమనిని సిరకి కలిపే ఆపరేషన్, చేయించుకోమన్నారు, అత్త "ఇప్పుడు బాగానే ఉన్నాను కదరా" అంది, మేమూ ఊరుకున్నాం.

అప్పట్నుంచి ఇంట్లో ఎవరికైనా కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోందని ఫోన్ వస్తే నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నా. మందులు మార్చుకోమనో డాక్టర్ మాట కాదనమనో కాదు, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియాలని.

అసలు ఎన్ని దారులు

రక్తం శుభ్రం చేయాలంటే నిమిషానికి 300 మిల్లీలీటర్లో అంతకంటే ఎక్కువో బయటికి లాగి మళ్ళీ లోపలికి పంపాలి. సెలైన్ ఎక్కించే మామూలు నరంలోంచి అంత రాదు. దానికో పెద్ద దారి కావాలి. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టర్ చేతి ధమనికీ సిరకీ మధ్య టెఫ్లాన్ గొట్టం పెట్టి, దాన్ని శరీరం బయటే ఉంచేశాడు. డయాలసిస్ పదే పదే చేయడం అప్పుడే సాధ్యమైంది, అయితే ఆ గొట్టం గడ్డ కట్టేది, చీము పట్టేది. 1966లో న్యూయార్క్ బ్రాంక్స్ డాక్టర్లు బ్రెషియా, చిమినో, వాళ్ళ తోటివాళ్ళు అసలు గొట్టమే లేకుండా చర్మం కిందే ధమనిని సిరకి కలిపేశారు. అదే ఫిస్టులా. అరవై ఏళ్ళవుతోంది, ఇన్ఫెక్షన్ విషయంలో దాన్ని కొట్టేది ఇంకా రాలేదు, కారణం కూడా చాలా మామూలుది: లోపల పరాయి వస్తువు ఏదీ లేదు, చర్మానికి ఎప్పుడూ తెరిచి ఉండే చిల్లు లేదు.

మిగతావి మూడు. ఒకటి లైన్ (క్యాథెటర్), అందులో టెంపరరీది వేరు, పెర్మ్‌క్యాత్ వేరు. రెండోది గ్రాఫ్ట్, అంటే ధమనికీ సిరకీ మధ్య చర్మం కింద ప్లాస్టిక్ గొట్టం. మూడోది పొట్ట డయాలసిస్, మనవాళ్ళు సీఏపీడీ అంటారు, దాన్లో రక్తం బయటికే రాదు.

లైన్: వెంటనే పని, తర్వాత వడ్డీ

టెంపరరీ లైన్ అంటే మెడ పక్కన నేరుగా పెద్ద సిరలోకి గుచ్చి కుట్టు వేసేది. బెడ్ దగ్గరే పావుగంట, అరగంటలో అయిపోతుంది. కానీ బయటి చర్మానికీ సిరకీ మధ్య దూరం వేలెడు కూడా ఉండదు, చర్మం మీద సూక్ష్మజీవి నడిచి వెళ్ళడానికి అదే చాలు. రెండు వారాలు మించి ఉంచొద్దని అంతర్జాతీయ గైడ్‌లైన్లు చెబుతాయి. మన దగ్గర దాన్ని నెలల తరబడి మోస్తున్నవాళ్ళని చూశాను. డబ్బుల్లేకా, ఎవరూ చెప్పకా, "పని చేస్తోంది కదా" అని.

పెర్మ్‌క్యాత్ చర్మం కింద కొంత దూరం సొరంగంలా వెళ్ళి ఛాతీ మీద బయటికొస్తుంది. లోపల చిన్న గుడ్డ పట్టీలాంటి కఫ్ ఉంటుంది, కొన్ని వారాల్లో కండ దాని చుట్టూ అల్లుకుని ఒక గోడలా అవుతుంది. అందుకే టెంపరరీ కంటే ఇది చాలా నయం. నయం అంటే ఎంత? రీసెర్చ్ పేపర్లలో ఇన్ఫెక్షన్‌ని "వెయ్యి క్యాథెటర్ రోజులకి ఎన్ని" అని లెక్కిస్తారు. పెర్మ్‌క్యాత్‌కి రక్తంలో ఇన్ఫెక్షన్ ఒకటి నుంచి ఐదున్నర దాకా అని రాస్తుంటారు. ఆ అంకె చూసి ఇంతేనా అనిపిస్తుంది గానీ, విప్పి చూడండి: వెయ్యి రోజులంటే సుమారు రెండేళ్ళ తొమ్మిది నెలలు. మంచి సెంటర్‌లో అంతకాలానికి ఒకసారి. అశ్రద్ధగా ఉన్న సెంటర్‌లో ఆరు నెలలకే ఒకసారి. అంటే లైన్ బ్రాండ్ ఏది, ఖరీదెంత అన్నదానికంటే రోజూ దాన్ని ఎవరు ఎలా ముట్టుకుంటున్నారన్నదే ఐదింతల తేడా తెస్తోందన్నమాట. ఇది నేను పేషెంట్ల ఇంటివాళ్ళకి గట్టిగా చెప్పే మాట: లైన్ కలిపేటప్పుడూ తీసేటప్పుడూ టెక్నీషియన్‌కీ పేషెంట్‌కీ ఇద్దరికీ మాస్క్ ఉందా, మూత తీశాక ఆ చివర్ని యాంటీసెప్టిక్‌తో రుద్ది ఆరనిచ్చారా, గ్లవ్స్ మార్చారా, రెండు నిమిషాలు నిలబడి చూడండి. సిగ్గుపడొద్దు. వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.

లైన్ లోపల రెండు డయాలసిస్‌ల మధ్య గడ్డ కట్టకుండా మందు నింపి మూస్తారు, దాన్ని లాక్ అంటారు. మామూలుగా హెపారిన్. 2011లో కెనడా వాళ్ళు 225 మంది మీద ఒక ట్రయల్ చేశారు, వారంలో మూడుసార్లూ హెపారిన్ కాకుండా ఒకసారి గడ్డ కరిగించే మందు పెట్టి చూస్తే రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళు 13 శాతం నుంచి 4.5 శాతానికి తగ్గారు. బాగుంది, కానీ ఆ మందు ఖరీదు చూస్తే మనలో చాలామందికి అందేది కాదు. ఇంకోవైపు ఆస్ట్రేలియాలో 37 కిడ్నీ కేంద్రాలు కలిసి లైన్ పెట్టే పద్ధతి నుంచి తీసేదాకా అన్నీ ఒకే పద్ధతిలో చేయించినా ఇన్ఫెక్షన్లు పెద్దగా తగ్గలేదు. ఇవి రెండూ ఒకదానికొకటి ఎదురు కావు. ముందే జాగ్రత్తగా ఉన్నచోట ఇంకో చెక్‌లిస్ట్ అతికిస్తే పెద్ద లాభం ఉండదు, అసలు జాగ్రత్తే లేనిచోట మాస్కు, చేతులు కడగడంతోనే చాలా తగ్గుతుంది అని నా అంచనా.

తొడ దగ్గర లైన్ పెడితే ఇన్ఫెక్షన్ ఖాయమని అందరం అనుకుంటాం కదా. నేనూ అలాగే అనేవాణ్ణి. ఫ్రాన్స్‌లో ఐసీయూలో మంచం దిగలేని 750 మందికి చీటీ తీసినట్టు కొందరికి మెడలో, కొందరికి తొడలో పెట్టి చూసి 2008లో ఫలితం ప్రకటించారు. మొత్తం మీద గొట్టాల మీద క్రిములు పట్టడంలో పెద్ద తేడా రాలేదు. బక్కగా ఉన్నవాళ్ళలో మెడ లైనే ఎక్కువ పాడైంది, లావుగా ఉన్నవాళ్ళలో తొడ లైన్. కాబట్టి ఐసీయూలో అత్యవసరంగా తొడలో పెడతామంటే గొడవ పడకండి, కొన్ని రోజుల పని అది. కానీ ఇంటికి వెళ్ళి నడిచి తిరిగే మనిషికి తొడ లైన్ ఉంచుకోమంటే మాత్రం ఎందుకని అడగండి. ఆ ట్రయల్ మంచం దిగనివాళ్ళ గురించి, మీ నాన్నగారి గురించి కాదు.

ఒక్క చోటు మాత్రం వద్దనండి: కాలర్ ఎముక కింద సబ్‌క్లేవియన్ సిర. అక్కడ లైన్ పెడితే తర్వాత సిర ఇరుకైపోయి ఆ వైపు చెయ్యంతా వాచిపోతుంది, ఇక ఆ చేతికి ఫిస్టులా చేసినా సరిగా నడవదు. వీలైనంతవరకూ కుడి మెడ అడగండి.

ఫిస్టులా: బంగారమే, కానీ అందరికీ కాయదు

ఇక్కడ నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి అబద్ధాలు రెండు వైపులా నడుస్తున్నాయి. ఒకరు "ఫిస్టులా చేయించుకుంటే చాలు, ఇక బెంగ లేదు" అంటారు, ఇంకొకరు "చేయించుకున్నా పనిచేయదు, డబ్బు దండగ" అంటారు.

ఆపరేషన్ చిన్నదే, చెయ్యి మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు. మణికట్టు దగ్గరో మోచేతి మడత దగ్గరో ధమనిని సిరకి కుడతారు. ధమని రక్తం వేగంగా రావడంతో సిర నెమ్మదిగా లావెక్కి గోడ గట్టిపడుతుంది, దీన్నే మెచ్యూర్ అవడం అంటారు. డాక్టర్లు ఆరుల లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటారు: ఆరు వారాలకి రక్తప్రవాహం చూపించే స్కాన్, అంటే డాప్లర్‌లో చూస్తే నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం, 6 మిల్లీమీటర్ల వెడల్పు, చర్మానికి 6 మిల్లీమీటర్ల లోతు లోపు ఉండాలి. ఆ స్థితికి ఒకరికి రెండు నెలలు పడితే ఇంకొకరికి నాలుగు పడుతుంది, కొందరికి అసలు రాదు.

ఎంతమందికి రాదు? అమెరికాలో 877 మంది కొత్త ఫిస్టులాల మీద రక్తం గడ్డ కట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్ర ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్ 2008లో వచ్చింది. మాత్ర వల్ల మొదటి వారాల్లో గడ్డ కట్టి మూసుకుపోవడం 19.5 శాతం నుంచి 12.2కి తగ్గింది. కానీ అసలు విషయం వేరే ఉంది: మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా దాదాపు 60 శాతం ఫిస్టులాలు డయాలసిస్‌కి వాడుకునే స్థితికి రాలేదు. ఈ అంకె చూసి భయపడొద్దు, ప్రతిచోటా ఇంత ఘోరంగా ఉండదు, సర్జన్ చెయ్యి, నరాల పరిమాణం, పేషెంట్ వయసు, షుగర్ ఎన్నాళ్ళ నుంచి అన్నవన్నీ కలిసి తేలుస్తాయి. కానీ "చేయించాం కాబట్టి వచ్చే నెల నుంచి లైన్ తీసేస్తారు" అని లెక్కలు వేసుకోకండి.

షుగర్ ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నవాళ్ళకి మణికట్టు దగ్గర ధమని సున్నం పట్టినట్టు గట్టిపడి ఉంటుంది, అక్కడ ఫిస్టులా విఫలమయ్యే అవకాశం ఎక్కువ, మోచేతి దగ్గర చేస్తే నడుస్తుంది, అయితే వేళ్ళకి రక్తం తగ్గి చల్లబడి నొప్పి పెట్టే ఇబ్బంది అక్కడ ఎక్కువ. గుండె పంపింగ్ బాగా తక్కువగా ఉన్నవాళ్ళకి పెద్ద ఫిస్టులా అదనపు బరువు, ముందు ఎకో (గుండె స్కాన్) చూపించి కార్డియాలజిస్ట్ మాట కూడా వినాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు పేషెంట్లలో చాలామందికి షుగర్ లేకుండానే కిడ్నీలు పోతాయి కాబట్టి వాళ్ళ ధమనులు కాస్త మెరుగ్గా ఉండొచ్చు, అలాంటివాళ్ళు ఫిస్టులాని వాయిదా వేయడం చూస్తే నాకు ఇంకా బాధేస్తుంది.

ఫిస్టులాకి అసలు ఇన్ఫెక్షనే రాదా అంటే వస్తుంది, చాలా తక్కువ. ఒక సంగతి ఉంది. సూది ప్రతిసారీ ఒకే చిల్లులో గుచ్చే పద్ధతి ఒకటుంది, బటన్‌హోల్ అంటారు, నొప్పి తక్కువని కొందరు పేషెంట్లు అడుగుతారు. స్టడీల్లో ఆ పద్ధతిలో ఆరియస్ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. కాస్త కాస్త జరుపుకుంటూ నిచ్చెన మెట్లలాగా గుచ్చించుకోవడమే మంచిది. డయాలసిస్‌కి ముందు ఆ చెయ్యి సబ్బుతో కడుక్కోవడం పేషెంట్ పని, పెద్ద కష్టమేం కాదు, కానీ చేసేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు రీసెర్చ్‌ని ఎలా చదవాలో ఒక మాట

2013లో అరవైకి పైగా స్టడీల్ని, 5 లక్షల పైచిలుకు పేషెంట్లని కలిపి ఒక సమీక్ష వచ్చింది. ఫిస్టులా ఉన్నవాళ్ళతో పోలిస్తే లైన్ ఉన్నవాళ్ళలో ఏ కారణంతోనైనా చనిపోయే రిస్క్ 1.53 రెట్లు, ఇన్ఫెక్షన్‌తో చనిపోయే రిస్క్ 2.12 రెట్లు. ఇది చూపించి "లైన్ చంపేస్తుంది" అని చెప్పేవాళ్ళున్నారు.

ఆగండి. ఎవరికి లైన్ పెడతారు? అర్ధరాత్రి పడిపోయి వచ్చినవాళ్ళకి, ఎనభై ఏళ్ళ వాళ్ళకి, గుండె సరిగా లేనివాళ్ళకి, నరాలు దొరకనివాళ్ళకి. ఎవరికి ఫిస్టులా చేస్తారు? నాలుగు నెలల ముందే డాక్టర్‌ని కలిసి, నడిచి ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళకి. మొదటి గుంపులో చావులు ఎక్కువ ఉంటే అందులో లైన్ పాపం ఎంత, మనిషి పరిస్థితి ఎంత? అమెరికాలో 67 ఏళ్ళు దాటినవాళ్ళ రికార్డులతో 2017లో ఒక స్టడీ దీన్నే తవ్వింది. ఫిస్టులా చేయించుకుని అది విఫలమై చివరికి లైన్ మీదే డయాలసిస్ మొదలుపెట్టినవాళ్ళని విడిగా తీసి చూశారు. చేతిలో పనిచేసే ఫిస్టులా లేదు, ఉన్నది లైనే. అయినా వాళ్ళు మొదట్నుంచీ లైనే పెట్టించుకున్నవాళ్ళకంటే మెరుగ్గా బతికారు. అంటే ఫిస్టులా ఖాతాలో వేసిన లాభంలో ఎక్కువ భాగం నిజానికి "ఫిస్టులా చేయించుకోగలిగే ఆరోగ్యం" అనేదానిదే అని తేల్చారు.

అమెరికాలో 2003లో "ముందు ఫిస్టులా" అని ప్రభుత్వమే పెద్ద ఉద్యమం నడిపింది. 2019కి వచ్చేసరికి అక్కడి కిడ్నీ గైడ్‌లైన్లు సర్దుకుని, ఏ మనిషికి ఏ సమయంలో ఏది సరిపోతుందో చూసి జీవితకాలానికి ఒక ప్లాన్ వేసుకోమంటున్నాయి. ఎనభై రెండేళ్ళ తాతయ్యకి పెర్మ్‌క్యాత్ చాలంటే డాక్టర్ నిర్లక్ష్యం చేస్తున్నాడని కాదు, ఫిస్టులా కాయడానికి పట్టే నెలలు, మధ్యలో రెండు ఆపరేషన్లు ఆయనకి లాభమా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ నలభై ఐదేళ్ళ మనిషికి, ఇంకా పదిహేనేళ్ళు డయాలసిస్ చేయించుకోవాల్సినవాడికి, అదే మాట చెబితే రెండో డాక్టర్‌ని కలవండి. ఈ స్టడీలు ఏవీ రక్తంలో ఇన్ఫెక్షన్ విషయంలో లైన్ మంచిదని చెప్పలేదు, ఆ తేడా నిజమే, నేను రోజూ స్లైడ్ మీద చూస్తున్నదే.

గ్రాఫ్ట్

చేతి సిరలు సన్నగా ఉండి ఫిస్టులా కుదరనివాళ్ళకి. రెండు మూడు వారాల్లో వాడుకోవచ్చు, కొన్ని కొత్త రకాలు ఒకటి రెండు రోజుల్లోనే. ఇన్ఫెక్షన్‌లో ఫిస్టులాకీ లైన్‌కీ మధ్యలో ఉంటుంది, గడ్డ కట్టి మూసుకుపోవడం ఎక్కువ, గొట్టానికి చీము పడితే తీయడానికి మళ్ళీ ఆపరేషన్. మన దగ్గర దీన్ని చేసేవాళ్ళు తక్కువ, ఖర్చూ ఎక్కువే. అడిగి చూడండి, అంతే.

పొట్ట డయాలసిస్: ఇల్లే సెంటర్, ఇంటివాళ్ళే సిస్టర్లు

పొట్టలో మెత్తటి ట్యూబ్ పెట్టి, రెండు లీటర్ల ద్రవం లోపలికి వదిలి, నాలుగైదు గంటలుంచి తీసేసి మళ్ళీ కొత్తది నింపుతారు, రోజుకి మూడు నాలుగుసార్లు. ప్రతిరోజూ, పండగైనా సరే. హాంకాంగ్‌లో 1985 నుంచీ కారణం ఉంటే తప్ప మొదట ఇదే ఇస్తారు, కాబట్టి ఇది రెండో రకం వైద్యం అని ఎవరైనా అంటే నమ్మకండి. థాయ్‌లాండ్ కూడా 2008లో ఇదే మొదటిదని పెట్టింది, 2022లో మాత్రం పేషెంట్ ఇష్టానికి వదిలేసింది.

రక్తంలో ఇన్ఫెక్షన్ బెడద ఇక్కడ దాదాపు లేదు. దాని బదులు పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్. మంచి కేంద్రంలో ఏడాదికి ఒక పేషెంట్‌కి 0.4 మించకూడదని 2022 అంతర్జాతీయ గైడ్‌లైన్ పెట్టిన గీత, అంటే రెండున్నరేళ్ళకి ఒకసారి. మీరు వెళ్ళే కేంద్రాన్ని "మీ రేటు ఎంతండీ" అని అడగండి, అంకె చెప్పగలిగితే అదే సగం నమ్మకం, లెక్కే పెట్టుకోనివాళ్ళయితే ఇంకోచోట కూడా కనుక్కోండి.

గుర్తుపట్టడం తేలిక. బయటికొచ్చిన సంచి కింద పేపర్ పెడితే అక్షరాలు కనిపించాలి, బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బుగా ఉండి అక్షరాలు కనిపించకపోతే పొట్ట నొప్పి లేకపోయినా ఆ సంచి పారేయకుండా పట్టుకుని హాస్పిటల్‌కి వెళ్ళండి. మేం దాన్లో తెల్ల కణాలు లెక్కపెడతాం, మైక్రోలీటర్‌కి వంద దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే రకం ఉంటే ఇన్ఫెక్షన్ కిందే లెక్క. యాంటీబయాటిక్ ఎక్కువగా ఆ పొట్టలోకి పోసే ద్రవంలోనే కలిపి ఇస్తారు. ఎక్కువసార్లు మాట వింటుంది. ఫంగస్ పడితే మాత్రం ట్యూబ్ తీసేయాల్సిందే.

ఎవరికి కుదురుతుంది? సెంటర్ దూరమైనవాళ్ళకి, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి, చేతి నరాలు అన్నీ అయిపోయినవాళ్ళకి, ఉద్యోగం చేసుకోవాలనుకునేవాళ్ళకి. సోంపేట, కవిటి వైపు ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ దాకా రావాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ చుట్టుపక్కలే సెంటర్లు వచ్చాయి, పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైంది, కాబట్టి అక్కడ దూరం లెక్క కొంత మారింది. ఏజెన్సీ ఊళ్ళవాళ్ళకి మాత్రం ఇంకా ఇదే ఆలోచించాల్సిన దారి.

ఎవరికి కుదరదు? పొట్టకి పెద్ద ఆపరేషన్లు అయి లోపల అతుక్కుపోయినవాళ్ళకి, బాగుచేయించని హెర్నియా ఉన్నవాళ్ళకి, ఒంటరిగా ఉండి చేతులు వణికే, చూపు మందగించిన పెద్దవాళ్ళకి. షుగర్ ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, ఆ ద్రవంలో గ్లూకోజ్ ఉంటుంది, ఇన్సులిన్ డోస్ మార్చాల్సి రావచ్చు. ఇంట్లో ప్రత్యేకంగా గది లేదే అని చాలామంది వెనక్కి తగ్గుతారు. గది అక్కర్లేదు, తలుపు వేసుకుని ఫ్యాన్ ఆపేసి మాస్క్ పెట్టుకుని చేతులు కడుక్కుని కూర్చోగలిగే మూల చాలు, ఆ అరగంట పిల్లలూ కోళ్ళూ లోపలికి రాకుండా ఉంటే సరి. నాకు దీంట్లో కనిపించే అసలు ఇబ్బంది వేరు: చేసేది సాధారణంగా భార్యో కోడలో, ఆవిడకి జ్వరమొచ్చినరోజు ఎవరు చేస్తారన్నది ముందే తేల్చుకోకుండా మొదలుపెడతారు. ఇద్దరికి ట్రైనింగ్ ఇప్పించండి.

ఖర్చు సంగతి నేను అంకెలు రాయను, ఊరికో రకంగా ఉంటుంది. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ) డెస్క్ దగ్గర ఉండే మిత్రని మూడు విడివిడి ప్రశ్నలు అడగండి: డయాలసిస్ సెషన్లు వస్తాయా, ఫిస్టులా ఆపరేషన్ వస్తుందా, పొట్ట డయాలసిస్ సంచులు వస్తాయా. "అన్నీ వస్తాయండి" అనే ఒక్క జవాబుతో వచ్చేయకండి.

మరి ఏది ఎంచుకోవాలి

కిడ్నీ పనితనం, రిపోర్ట్‌లో ఈజీఎఫ్ఆర్ అని రాస్తారు, 20 దగ్గరికి దిగి ఇంకా దిగుతూ ఉంటే, వయసు డెబ్బై లోపు, గుండె పర్వాలేదు అంటే: ఫిస్టులా, ఇప్పుడే, కాళ్ళ వాపు వచ్చేదాకా ఆగొద్దు. ముందు డాప్లర్ తీయించుకుని నరాలు చూసుకోండి. ఇంట్లో చేసేవాళ్ళుండి సెంటర్ దూరమైతే పొట్ట డయాలసిస్ ఫిస్టులాకి సమానంగా ఆలోచించండి. దాని ట్యూబ్‌కి రెండు వారాలు మానితే చాలు కాబట్టి, ఆలస్యమైపోయినా ఇంకా ఎమర్జెన్సీ దాకా రానివాళ్ళకి అది మంచి దారి, ఈ మాట చెప్పేవాళ్ళు మన దగ్గర తక్కువ.

ఎమర్జెన్సీలోనే మొదలైతే మెడ లైన్ తప్పదు, తప్పు కాదు. అక్కడ అడగాల్సింది ఒకటే: "దీన్ని ఎప్పుడు తీస్తారు, తర్వాత ఏంటి?" డిశ్చార్జ్ అయ్యేలోపే పెర్మ్‌క్యాత్‌కి మార్చడం, ఫిస్టులాకి తేదీ, రెండూ కాగితం మీద రాయించుకోండి. పెద్దవయసు, గుండె నీరసం, ఇంకా చాలా జబ్బులు ఉంటే శుభ్రంగా చూసుకునే పెర్మ్‌క్యాత్‌తో ఉండిపోవడం కూడా ఒక ఎంపికే.

ఏ దారైనా హెపటైటిస్ బి టీకా మాత్రం డయాలసిస్ మొదలవక ముందే వేయించండి. కిడ్నీ పేషెంట్లకి మామూలుకంటే రెట్టింపు డోస్ ఇస్తారు, జబ్బు ముదిరేకొద్దీ టీకా సరిగా పట్టదు. హెపటైటిస్ సి కి టీకాయే లేదు, సెంటర్ శుభ్రతే దిక్కు, కాబట్టి సెంటర్ ఎంచుకునేటప్పుడు ఏసీ ఉందా, టీవీ ఉందా అని కాకుండా మెషిన్ ఒక పేషెంట్‌కీ ఇంకొకరికీ మధ్య తుడుస్తున్నారా అని చూడండి. వారాల తరబడి సాయంత్రం పూట సన్నగా జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కూడా చూపించాలి, డయాలసిస్ పేషెంట్లలో అది ఊపిరితిత్తుల బయట దాక్కుని దగ్గు లేకుండానే రావచ్చు.

లైన్ ఉన్న మనిషికి డయాలసిస్ మొదలుపెట్టిన అరగంట, గంటలో వణుకుతో చలిజ్వరం వస్తే అది లైన్‌దే అనుకుని మొదలుపెట్టండి. పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పి ఇంటికి పంపిస్తే ఒప్పుకోకండి. యాంటీబయాటిక్ ఎక్కించే ముందే బ్లడ్ కల్చర్ తీయాలి, ఒకటి లైన్‌లోంచి, ఒకటి చేతి నరంలోంచి. మా అత్త విషయంలో సరిగ్గా ఇదే జరగలేదు. పేరు చెప్పను గానీ ఒక సెంటర్‌లో ముందు ఇంజెక్షన్ చేసేసి మూడో రోజు బాటిల్ పంపారు, ఆ బాటిల్ నా చేతికే వచ్చింది, ఐదు రోజులున్నా ఏమీ పెరగలేదు. జ్వరం మాత్రం తగ్గుతూ వస్తూ ఉంది. ఏ క్రిమో తెలియకుండానే లైన్ తీసేసి కొత్తది పెట్టి, మూడు వారాలు గుడ్డిగా మందులు వాడాల్సి వచ్చింది. ఆరియస్ అయితే అది గుండె కవాటం మీదికో వెన్నెముకలోకో చేరే రకం, అందుకే మందు ఎన్ని రోజులన్నది తెలియడం అంత ముఖ్యం.

అత్తకి మణికట్టు దగ్గర చేసిన మొదటి ఫిస్టులా కాయలేదు. మోచేతి దగ్గర రెండోది మూడున్నర నెలలకి కాసింది. ఆ చేతికి గాజులు తీసేసింది, పొద్దున్నే లేచి కాఫీ కంటే ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటుంది, లోపల రక్తం జివ్వుమని పారుతోందా లేదా అని. మొన్న వైరల్ జ్వరమొచ్చి వార్డులో చేరితే కొత్త సిస్టర్ ఒకమ్మాయి సెలైన్ పెట్టడానికి ఆ చెయ్యే పట్టుకుంది. అత్త చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇది నాది కాదమ్మా, మెషిన్‌ది, ఆ చెయ్యి తీసుకో" అంది.